సమసూపం: భిక్షాపాత్రలో పప్పుకు దక్కిన కొలత

బౌద్ధసంఘపు ఆహారచరిత్రను గూర్చి మాట మొదలైనప్పుడెల్లా చర్చ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నది: బుద్ధభగవానుడు మాంసాన్ని అనుమతించాడా, నిషేధించాడా? ఈ ప్రశ్నకు థేరవాదులు ఒక విధంగా, మహాయానులు మరొక విధంగా సమాధానం చెప్పుకొన్నారు. పండితులు ఇరువైపులా గ్రంథాలు నింపారు. ప్రశ్న చిన్నది కాదు. అయితే దాని వెలుగులో మరొక విషయం మరుగున పడిపోయింది. ఇల్లిల్లూ తిరిగి పిండపాతం స్వీకరించే భిక్షువు పాత్రలో ప్రతిదినం అన్నంతో కలిసి వచ్చినది ఏది? అతని దేహానికి నిత్యబలం ఎక్కడినుండి సమకూరింది? వినయపిటకం ఈ ప్రశ్నకు దాపరికం లేకుండా సమాధానం చెబుతున్నది. అది పప్పు. పెసరపప్పు, మినపపప్పు.

నేటి పోషకాహార శాస్త్రం మాంసకృత్తులు అని పిలిచే పదార్థాలను గూర్చి ప్రాచీనులకు తెలియదు. ఆ జ్ఞానాన్ని వారికి అంటగట్టడం చరిత్రకారుని పని కాదు. కానీ బలమిచ్చే ఆహారమేదో వారు అనుభవంతో గుర్తించారు. దానిని ఎవరు, ఎంత, ఏ పద్ధతిలో తీసుకోవాలో నియమాలు ఏర్పరచుకున్నారు. ఆ నియమాలలో పప్పుకు దక్కిన స్థానం ఎటువంటిదో, ఆ స్థానం నేటి భిక్షువులకూ దాతలకూ పరిశోధకులకూ ఏమి చెబుతున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పిడికెడు కట్టు నుండి ఓదన-కుమ్మాసం వరకు

పప్పుధాన్యాల ప్రస్తావన బుద్ధుని జీవితకథలో బోధికి పూర్వమే వస్తుంది. మజ్ఝిమనికాయంలోని మహాసచ్చకసుత్తంలో భగవానుడు తన దుష్కరచర్యను స్వయంగా వివరిస్తాడు. ఆహారాన్ని పూర్తిగా విడువక, పిడికెడు పిడికెడుగా మాత్రమే తీసుకోవాలని నిశ్చయించుకున్న కాలమది. అప్పుడు ఆయన తీసుకున్నవి నాలుగు రకాల యూసలు, అనగా కట్లు: పెసర కట్టు, ఉలవ కట్టు, మరి రెండు కాయధాన్యాల కట్లు. వాటి ఫలితంగా దేహం ఎంత శుష్కించిందో, కడుపు తడిమితే వెన్నెముక చేతికి తగిలే స్థితి ఎలా వచ్చిందో సుత్తం వర్ణిస్తుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. పప్పుకట్టు మంచి ఆహారమే. అయినను పిడికెడు మోతాదులో, ధాన్యం తోడు లేకుండా, అది దేహాన్ని నిలబెట్టలేకపోయింది. ఆ మార్గం బోధికి దారి కాదని గ్రహించిన తరువాత ఆయన స్వీకరించినది ఓదన-కుమ్మాసం అని ఆ సుత్తమే చెబుతున్నది. సుజాత సమర్పించిన పాయసం కథ నిదానకథలోను, లలితవిస్తరంలోను ప్రసిద్ధమై, శిల్పంలోకి, జనశ్రుతిలోకి ప్రవేశించింది. పాలి సుత్తం మాత్రం అన్నమూ కుమ్మాసమూ అనే సామాన్య గృహస్థుని ఆహారాన్నే పేర్కొన్నది. ఆ ఘనాహారం తీసుకొని దేహం బలం పుంజుకున్న పిమ్మటనే ధ్యానం సాధ్యమయిందని సుత్తంలోని క్రమం. పంచవర్గీయులు ఆయనను విడిచి వెళ్లినది కూడా ఈ భోజనం చూచియే. మధ్యమమార్గం ధర్మచక్రప్రవర్తన సమయాన వాక్యరూపం పొందడానికి ముందే భోజనరూపంలో ఆచరణకు వచ్చిందని చెప్పవచ్చు.

కుమ్మాసం అనగా ఏమి? థేరవాద అట్ఠకథలు దానిని ముఖ్యంగా యవలతో చేసిన పదార్థంగా వివరిస్తాయి. సంస్కృతంలో కుల్మాషం అనే మాట సగం ఉడికిన ధాన్యానికి, కాయధాన్యాలకు వాడుకలో ఉన్నది. క్రీ.శ. ఏడవ శతాబ్దిలో భారతదేశానికి వచ్చిన చీనా భిక్షువు ఇత్సింగ్, పంచ భోజనీయాలను లెక్కించేటప్పుడు దీనిని యవలు, కాయధాన్యాలు కలిపి ఉడికించిన పదార్థంగా పేర్కొన్నాడు. మన ఇళ్లలో గుగ్గిళ్లు ఎరిగినవారికి ఈ వంటకపు స్వభావాన్ని ఊహించుకోవడం కష్టం కాదు.

పుబ్బణ్ణం, అపరణ్ణం

పాలి వాఙ్మయం పంటలను రెండు తెగలుగా విభజిస్తుంది. మొదటిది పుబ్బణ్ణం. శాలి, వ్రీహి, యవలు, గోధుమ, కొర్ర మొదలైన ఏడు ధాన్యాలు ఇందులోనివి. రెండవది అపరణ్ణం. అపరణ్ణమంటే సూపానికి పనికివచ్చేదని మహానిద్దేసం నిర్వచిస్తుంది. పెసలు, మినుములు, ఉలవలు, నువ్వులు వంటివాటిని వ్యాఖ్యాతలు ఈ తెగలో చేరుస్తారు. ధాన్యం ముందుది, పప్పు దాని వెంట వచ్చేది. భోజనం రెండింటి కలయికతో పూర్తి అవుతుంది.

తెలుగు పాఠకునికి ఇక్కడ పరిచితమైన ధ్వని వినిపిస్తుంది. పప్పుధాన్యాలను మన రైతులు, వర్తకులు నేటికీ ‘అపరాలు’ అంటారు. వరి కోసిన పిమ్మట మాగాణిలో మిగిలిన తేమ మీద మినుము, పెసర చల్లే కృష్ణా గోదావరి మండలాలలో ఆ మాట నిత్యవ్యవహారంలో ఉన్నది. పాలి పదంలోనూ తెలుగు పదంలోనూ ‘అపర’ అనే భావం, ఆ భావం సూచించే పంటలు రెండూ సరిపోలుతున్నవి. అలాగే వంటవానికి మన కావ్యభాషలో సూపకారుడని పేరు. పప్పు వండేవాడే వంటవాడనే భావన ఆ పదంలో నిక్షిప్తమై ఉన్నది.

ఈ పంటలు సంఘానికంటె ఎంతో ప్రాచీనమైనవి. దక్షిణాపథపు నవీన శిలాయుగ స్థలాలలో, ముఖ్యంగా కర్ణాటకలోని సంగనకల్లు, హల్లూరు వంటిచోట్ల, మాడిపోయిన గింజల అవశేషాలను డోరియన్ ఫుల్లర్ మొదలైన పురావృక్షశాస్త్రజ్ఞులు పరిశీలించారు. అక్కడి తొలి వ్యవసాయదారుల ఆహారంలో అండుకొర్ర వంటి చిరుధాన్యాలతోపాటు పెసలు, ఉలవలు ప్రధానంగా ఉన్నవని వారి నిర్ధారణ. అనగా చిరుధాన్యమూ పప్పూ జంటగా తినడం దక్కనులో బుద్ధునికి వెయ్యి సంవత్సరాలకు పైగా ముందునుండే ఉన్న అలవాటు. సంఘం ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు దాతల కుండలలో ఉడుకుతున్నది అదే.

వినయం కొలిచినది దేనిని?

పాతిమోక్ఖంలోని సేఖియ నియమాలు 75. భిక్షువు నడక, కూర్చునే తీరు, భిక్ష స్వీకరించే పద్ధతి, తినే మర్యాద వీటిలో నిర్దేశింపబడినవి. వీటిలో పప్పుకు సంబంధించినవి నాలుగున్నవి.

మొదటిది భిక్ష స్వీకరించేటప్పుడు అన్నానికి తగిన పాళ్లలోనే సూపాన్ని స్వీకరించాలనేది. రెండవది తినేటప్పుడును అదే పాళ్లు పాటించాలనేది. దీనికే సమసూపకమని పేరు. మూడవది మరింత వడ్డిస్తారనే ఆశతో సూపాన్ని గాని, ఇతర వ్యంజనాన్ని గాని అన్నంతో కప్పిపెట్టరాదనేది. నాలుగవది రోగికాని భిక్షువు తనకోసం సూపాన్ని గాని అన్నాన్ని గాని అడిగి తెప్పించుకొని తినరాదనేది.

మొదటి నియమానికి వినయం చెప్పే నిదానం చిన్నది. షడ్వర్గీయ భిక్షువులు పిండపాతం స్వీకరించేటప్పుడు సూపాన్నే ఎక్కువగా పట్టుకున్నారు. దానిపై విమర్శ వచ్చింది. నియమం ఏర్పడింది. విభంగం వెంటనే సూపమంటే ఏమిటో నిర్వచిస్తుంది: సూపాలు రెండు, పెసర సూపం, మినుముల సూపం. చేతితో తీసి పెట్టదగినంత చిక్కని సూపం గురించియే ఈ నియమమని పండితులు ఆ పాఠాన్ని అర్థం చేస్తారు. మన మాటలలో చెప్పాలంటే ఇది చారు కాదు, ముద్దపప్పు.

సమంతపాసాదిక అనే అట్ఠకథ ఈ పాళ్లను అంకెలో చెప్పింది. అన్నంలో నాలుగవ భాగం సూపం ఉన్న పిండపాతమే సమసూపకం. ఆ వ్యాఖ్యయే మరొక ముఖ్యమైన విషయం స్పష్టం చేస్తుంది. ఈ రెండు సూపాలను మినహాయించి మిగిలిన ఆకుకూరల పులుసులు, చేపల రసం, మాంసరసం మొదలైనవి వేరే వర్గంలోకి వస్తాయి. వాటికి ఈ నాలుగవ భాగపు కొలత వర్తించదు.

మాంసరసానికి లేని కొలత పప్పుకు ఎందుకు? మాంసం పప్పుకంటె విలువైనదైతే దానికే కదా మొదట హద్దు పెట్టవలసింది? మాంసం, చేప, పాలు, పెరుగు, నెయ్యి మొదలైన ప్రణీత భోజనాలను తనకోసం అడిగి తినడాన్ని పాచిత్తియ నియమం వేరుగా నిషేధించింది. అది అరుదుగా లభించేవాటిని కోరే విషయం. పాళ్ల నియమం అటువంటిది కాదు. రోజూ, ప్రతి ఇంటా, ప్రతి భిక్షువుకూ వచ్చేదానికే పాళ్లు చెప్పవలసి వస్తుంది. పప్పుకు కొలత ఏర్పడడమే అది నిత్యాహారమని చెప్పే సాక్ష్యం. అంతేకాదు, పాత్రలో అన్నంకంటె దానినే భిక్షువులు ఆశపడ్డారనడానికి షడ్వర్గీయుల కథ సాక్ష్యం. దాచిపెట్టవలసినంత ఆశ కలిగించేదిగా దానిని అన్నంతో కప్పే భిక్షువు నియమం సాక్ష్యం.

ఈ నియమాల లక్ష్యం పోషణ కాదు. లోభనిగ్రహమూ, దాత పట్ల మర్యాదయూ వాటి లక్ష్యం. ఒక ఇంటి కుండలో పప్పు కొంతే ఉంటుంది. ముందు నిలిచిన భిక్షువు ఎక్కువ పట్టుకుంటే వెనుకవానికి, ఆ ఇంటి పిల్లలకు తగ్గుతుంది. బలమిచ్చే పదార్థం ఎప్పుడూ అన్నంకంటె తక్కువగానే ఉంటుంది కనుక అది పంచుకోవలసిన వస్తువు. నాలుగవ భాగమనే కొలత ఆ పంపకానికి పెట్టిన పరిమితి. దాని తోడుగా దేహానికి మేలుచేసే ఒక సమపాళ్ల భోజనం కూడా సమకూరింది. ఆ సంగతికి తరువాత వస్తాను.

ఈ విషయంలో వినయపు కాలనియమాన్ని కూడా జ్ఞాపకం ఉంచుకోవాలి. మధ్యాహ్నం దాటిన పిమ్మట భిక్షువు ఘనాహారం తీసుకోడు. పండ్లరసాలకు అనుమతి ఉన్నను ధాన్యపు రసానికి లేదు. అట్ఠకథ అపరాలన్నిటినీ ఆ ధాన్యపు గణంలోనే చేర్చింది. అంటే సాయంకాలం పెసరకట్టు తాగి లోటు పూరించుకునే వీలు లేదు. దినమంతటికీ కావలసిన బలం పూర్వాహ్ణపు పాత్రలోనే ఉండాలి. ఆ పాత్రలో అన్నానికీ పప్పుకూ గల పాళ్లు అందుచేతనే చిన్న విషయం కాదు.

రోగి పథ్యం

ఆరోగ్యవంతునికి హద్దు పెట్టిన వినయం రోగికి ద్వారం తెరిచింది. మహావగ్గంలోని భేసజ్జక్ఖంధకం ఈ విషయంలో మన ఆహారచరిత్రకు అమూల్యమైన ఆకరం.

రాజగృహంలో భగవానునికి ఉదరవాతం కలిగింది. అంతకుముందు తేకటులయాగువు వలన ఉపశమనం కలిగిన సంగతి ఆనందునికి జ్ఞాపకం వచ్చింది. నువ్వులు, బియ్యం, పెసలు తానే తెచ్చి, లోపల ఉంచి, లోపలనే స్వయంగా వండి సమర్పించాడు. భగవానుడు దానిని స్వీకరించలేదు. విహారంలో నిలువ చేసినది, విహారంలో వండినది, స్వయంగా వండినది భిక్షువుకు తగదని మందలించి నియమం చేశాడు. తరువాత రాజగృహంలో దుర్భిక్షం వచ్చినప్పుడు ఆ నిషేధాలు సడలింపబడ్డాయి. క్షేమకాలం వచ్చిన పిమ్మట వైశాలిలో మళ్లీ బిగింపబడ్డాయి. ఈ కథను సాధారణంగా నియమచరిత్ర కోసం చదువుతారు. కథలోని కుండను కూడా చూడాలి. బియ్యం, పెసలు కలిసి ఉడికితే మన పులగం. దానికి నువ్వులు చేరి, పలుచనై జావగా మారితే తేకటులయాగువు.

అదే ఖంధకంలో విరేచన చికిత్స పొందిన భిక్షువుకు క్రమంగా ఇవ్వదగిన ద్రవాహారాలు చెప్పబడ్డాయి: తేట గంజి, తరువాత అకటయూసం, కటాకటం, ఆ పిమ్మట పటిచ్ఛాదనీయం. అకటయూసమంటే జిడ్డు చేర్చని పెసరకట్టు అనియు, కటాకటం కొంచెం జిడ్డు చేర్చినదనియు, పటిచ్ఛాదనీయం మాంసరసమనియు వ్యాఖ్యాతల వివరణ. నీరసించిన కడుపుకు గంజితో మొదలై కట్టు మీదుగా బలమైన రసానికి చేరే ఈ వరుస ఇప్పటికీ మన పెద్దల పథ్యపు వరుసయే. చరకసంహిత కూడా కాయధాన్యాలలో పెసలను అత్యంత హితమైనవిగా, మినుములను అహితమైనవిగా లెక్కించింది. వినయం ఆ రెండింటినీ సూపంగా అంగీకరించినను రోగికి పెసరనే ఎన్నుకున్నది.

పెసల గురించి మరొక చిన్న కథ ఉన్నది. కంఖారేవత స్థవిరుడు మార్గమధ్యంలో మలంలోనుండి మొలిచిన పెసరమొక్కను చూచాడు. వండి తిన్న పెసలు కూడా మొలుస్తున్నవంటే అవి జీవం గలవి కావా, వాటిని తినవచ్చునా అని ఆయనకు సంశయం కలిగింది. తన పరివారంతో కూడ పెసలు తినడం మానివేశాడు. భగవానుడు ఆ సంశయాన్ని తీర్చాడు. వండినవి మొలిచినను పెసలను యథేచ్ఛగా తినవచ్చునన్నాడు. అతిసూక్ష్మ శంకతో నిత్యాహారాన్ని, దానితో దేహబలాన్ని పోగొట్టుకోవద్దనే వివేకం ఇందులో కనిపిస్తుంది.

మాంసరసం దొరకని దినాన వారాణసిలోని సుప్పియా ఉపాసిక తన తొడమాంసాన్నే కోసి రోగియైన భిక్షువుకు పంపిన కథ ఈ ఖంధకంలోనిదే. నరమాంసంతో మొదలై పది రకాల మాంసాలు నిషిద్ధం కావడానికి అది కారణం. ఆనాడు పశువధ నిషిద్ధమైన దినం కనుక అంగడిలో మాంసం లేదని కథ చెబుతున్నది. మాంసం దొరకని దినాలుండేవి. పప్పు దొరకని దినం గురించి ఆ కథలు చెప్పవు.

ఒకే మాట, రెండు కుండలు

ఈ నేపథ్యంలో మాంసవివాదాన్ని క్లుప్తంగా చూద్దాము. చూచినది, విన్నది, శంకించినది కాని మాంసాన్ని స్వీకరించవచ్చునని జీవకసుత్తమూ, సీహసేనాపతి కథయూ చెబుతున్నవి. చేపమాంసాలను పూర్తిగా విడువాలన్న దేవదత్తుని కోరికను భగవానుడు సంఘమంతటికీ నియమంగా అంగీకరించలేదు. లంకావతారసూత్రం మాంసభక్షణాన్ని కరుణకు విరుద్ధమని ఖండించింది. చీనాలో లియాంగ్ వంశపు వూ చక్రవర్తి ఆరవ శతాబ్ది తొలినాళ్లలో సంఘంలో మాంసాన్ని నిషేధించాడు. నిషేధం స్థిరపడిన తూర్పు ఆసియా విహారాలలో సోయా చిక్కుడు, దానినుండి తీసిన టోఫు, గోధుమ జిగురుతో చేసిన వంటకాలు భిక్షువుల బలానికి ఆధారమయ్యాయి. నియమాలు వేరైనను ఒక విషయంలో రెండు సంప్రదాయాలూ కలుస్తాయి. మాంసం ఉన్నచోటా లేనిచోటా కాయధాన్యం ఉన్నది.

తెలుగునేలమీద నిలిచిన అశోకుని ప్రథమ శిలాశాసనం ఈ సందర్భంలో ప్రత్యేకంగా చదవదగినది. కర్నూలు మండలంలోని ఎర్రగుడి బండలపై దాని పాఠం ఉన్నది. పూర్వం రాజుగారి వంటశాలలో సూపం కోసం దినానికి లక్షల సంఖ్యలో ప్రాణులు చంపబడేవనియు, శాసనకాలానికి అవి రెండు నెమళ్లు, ఒక లేడి అనే మూడింటికి తగ్గినవనియు, ఆ లేడియు నిత్యం కాదనియు, ముందుముందు ఆ మూడును ఉండవనియు అందులోని సారాంశం. ఇక్కడ వధకు కారణంగా చెప్పబడినది ‘సూపం’ అనే మాట. వినయ విభంగంలో పెసలకు, మినుములకు పరిమితమైన మాటయే రాజు వంటశాలలో మాంసపు వంటకమయింది. పిండపాతపు పాత్రలోని సూపం పొలంనుండి వచ్చింది. రాజభవనపు సూపం అడవినుండి వచ్చింది. అశోకుడు తగ్గించదలచినది రెండవదానిని.

నలందా వడ్డన

భిక్షాటన స్థానంలో క్రమంగా విహారభోజనం పెరిగినప్పుడు ఈ ఆహారం ఏమయింది? సాంచిలోని గుప్తకాలపు శాసనం ఒకటి దీనికి ఆర్థికమైన ఆధారాన్ని చూపుతుంది. గుప్త సంవత్సరం 131లో, అనగా క్రీ.శ. 450 ప్రాంతంలో, హరిస్వామిని అనే ఉపాసిక అక్కడి మహావిహారానికి 12 దీనారాలు అక్షయనీవిగా ఇచ్చింది. మూలధనం చెడకుండ దాని వడ్డీతో ప్రతిదినం సంఘంలోని ఒక భిక్షువుకు భోజనం పెట్టాలని ఏర్పాటు. ఒక స్త్రీ సమకూర్చిన కొద్దిపాటి ధనం ఒక పాత్రను ఎల్లకాలం నింపే లెక్క అది.

ఆ పాత్రలో ఏమి వడ్డించేవారో రెండు శతాబ్దాల తరువాత ఇత్సింగ్ వ్రాశాడు. క్రీ.శ. 671లో చీనానుండి బయలుదేరి, నలందాలో సుమారు పది సంవత్సరాలు చదివి, 695లో స్వదేశం చేరిన ఈ భిక్షువు భారతీయ విహారాల దైనందిన ఆచారాలను నిశితంగా గమనించాడు. ఉపవసథ దినపు విందును వర్ణిస్తూ అతడు చెప్పిన క్రమం ఇది: మొదట అల్లం, ఉప్పు, తరువాత అన్నం, చిక్కని పప్పు, వాటిమీద వేడి నెయ్యి, అన్నిటినీ వ్రేళ్లతో కలుపుకొని తినడం. తెలుగువాని విస్తరిలో మొదటి ముద్ద ఎలా ఉంటుందో తెలిసినవారికి ఈ వర్ణనకు వేరే వ్యాఖ్య అవసరం లేదు. సేఖియ నియమంలో కొలత పొందిన సూపం వెయ్యి సంవత్సరాలకు పైగా గడచిన పిమ్మట నలందా వడ్డనలోనూ అన్నం పక్కనే ఉన్నది.

ఆంధ్రదేశపు విహారాలలో ఇటువంటి ప్రత్యక్షసాక్షి వర్ణన లేకున్నను కట్టడాలు మాట్లాడుతున్నవి. విశాఖపట్టణానికి చేరువలోని తొట్లకొండపై స్తూపాలు, విహారపు గదులతోపాటు భోజనశాల, వంటశాల భాగాలు బయల్పడినవి. వర్షపునీటిని నిలువచేయడానికి రాతిలో తొలిచిన తొట్ల వలననే ఆ కొండకు ఆ పేరు. వందమంది భోజనం చేసే చోట నీరు, కట్టెలు, ధాన్యం, పప్పు కొండమీదికి చేరాలి. వాటిని చేర్చినవారు కొండక్రింది గ్రామాల రైతులు, రేవులోని వర్తకులు. స్తూపపు అండానికి ఫలకం ఇచ్చిన దాత పేరు శాసనంలో ఉన్నది. పప్పుమూట మోసినవాని పేరు ఎక్కడా లేదు.

నేటి లెక్కలో నాలుగవ భాగం

ఇక ఈ పాళ్లను నేటి శాస్త్రంతో పోల్చి చూద్దాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయ ఆహారపదార్థాల విలువలను పట్టికలుగా ప్రకటించింది. వాటి ప్రకారం 100 గ్రాముల పచ్చి పెసరపప్పులోను, మినపపప్పులోను సుమారు 23 నుండి 24 గ్రాములు, ఉలవలలో సుమారు 22 గ్రాములు, బియ్యంలో సుమారు 8 గ్రాముల మాంసకృత్తులున్నవి. నువ్వులలో సుమారు 20 గ్రాములు. ఆరోగ్యవంతుడైన వయోజనునికి దేహపు బరువులో కిలోగ్రాముకు దినానికి 0.83 గ్రాముల చొప్పున అవసరమని భారతీయ వైద్య పరిశోధనా మండలి 2020 నాటి సిఫారసు. 65 కిలోల వ్యక్తికి ఇది సుమారు 54 గ్రాములవుతుంది.

అట్ఠకథ చెప్పిన నాలుగవ భాగం వండిన ఆహారపు పరిమాణాన్ని గురించినది, పచ్చిగింజల బరువును గురించినది కాదు. అయినను పోలిక కోసం 400 గ్రాముల బియ్యం, అందులో నాలుగవ భాగంగా 100 గ్రాముల పప్పు అనుకుంటే, మాంసకృత్తులు 32, 23 కలిపి 55 గ్రాములు. అవసరానికి ఇంచుమించు సరిపోతుంది. మోతాదు కంటె నాణ్యత మరింత ముఖ్యం. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అనే అంశం తక్కువ. పప్పులో అది సమృద్ధిగా ఉంటుంది కాని మెథియొనిన్ తక్కువ. బియ్యంలో ఆ రెండవది మెరుగు, నువ్వులలో మరింత హెచ్చు. ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. ఆనందుడు కుండలో కలిపిన నువ్వులు, బియ్యం, పెసలు నేటి పోషకాహార నిపుణుడు కాగితంమీద కలిపే మూడు పదార్థాలే. నేడు నిపుణులు ధాన్యం మూడు పాళ్లకు పప్పు ఒక పాలు, దానితో పాలు కూడ ఉండాలని చెబుతున్నారు. అంటే నేటి సిఫారసు అట్ఠకథ కొలతకంటె కొంత హెచ్చు. భేదం కొద్దిపాటిదే.

దీనివలన వినయం పోషకాహార గ్రంథమని నిరూపితం కాదు. లోభాన్ని అదుపులో పెట్టిన కొలత దేహానికి కూడా సరిపోయింది. ఎందుచేతనంటే ఆ కొలత శూన్యంలో పుట్టినది కాదు. వ్యవసాయపు ఇళ్లలో తరతరాలుగా స్థిరపడిన భోజనాన్నే సంఘం తన మర్యాదగా స్వీకరించింది. అంగుత్తరనికాయంలో భోజనదాత ఆయువు, వర్ణం, సుఖం, బలం, ప్రతిభానం అనే అయిదింటిని ఇస్తాడని ఉన్నది. బలం ఇచ్చే భోజనం ఎలా ఉండాలో పల్లెటూరి గృహిణికి తెలుసు.

మన ముందున్న పని

ఈ చరిత్రకు నేటి ప్రయోజనం ఉన్నది. థాయ్‌లాండ్‌లో భిక్షువులలో ఊబకాయం, మధుమేహం హెచ్చుగా ఉన్నవని చులలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. ఆ దేశంలో 2017లో భిక్షువుల ఆరోగ్యానికి ప్రత్యేక జాతీయ నియమావళి వెలువడింది. దాతలు పుణ్యబుద్ధితో తెచ్చే తీపి పదార్థాలు, నూనెలో వేచినవి, అపరాహ్ణంలో త్రాగే చక్కెర పానీయాలు దీనికి కారణాలలో ఉన్నవి. భిక్షువు అడగరాదు. ఇచ్చినది కాదనరాదు. కాబట్టి పాత్రలో ఏమి పడుతుందో నిర్ణయించేవాడు దాత. మన ప్రాంతపు విహారాలలోను, యాత్రాస్థలాలలోను సంఘదానం చేసేవారికి మనం చెప్పగల మాట సరళమైనది. మిఠాయి పొట్లానికి బదులు ముద్దపప్పు, పెసరకట్టు, ఉలవచారు, నువ్వులపొడి, పెరుగు తీసుకొని రండి. అది ఖరీదైన దానం కాదు. వినయం పేరుపెట్టి గుర్తించిన దానం.

భిక్షువులకు కూడా ఈ నియమం క్రొత్తగా పఠించదగినది. సమసూపకాన్ని కేవలం భోజనమర్యాదగా కంఠస్థం చేయడం జరుగుతున్నది. అది నాలుగవ భాగానికి మించరాదనే హద్దు. నాలుగవ భాగం వరకు తీసుకోవడానికి అనుమతి కూడా. పాత్రలో అన్నమే నిండి సూపం లేశమాత్రమైతే ఆ పిండపాతం అట్ఠకథ నిర్వచించిన సమపాళ్లకు దూరమైనట్లే. వృద్ధభిక్షువుల విషయంలో, ఒకపూట భోజనం చేసేవారి విషయంలో విహారాధిపతులు దీనిని పట్టించుకోవాలి. రోగికి ఇచ్చిన అనుమతులు వినయంలో స్పష్టంగా ఉన్నవి. వాటిని వాడుకోవడం లోభం కాదు.

పరిశోధకుల విషయానికి వస్తే, మన బౌద్ధస్థలాల తవ్వకాలలో దృష్టి చిరకాలం స్తూపాలపైన, శిల్పాలపైన, శాసనాలపైన నిలిచింది. అది సహజం. కానీ వంటశాల నేలలోని బూడిద, పొయ్యి పక్కని మట్టి, నిలువ కుండల అడుగు కూడా శాసనాలే. ఆ మట్టిని నీటిలో తేర్చి, పైకి తేలిన మాడిన గింజలను వేరుచేసి పరిశీలించే పద్ధతి నవీన శిలాయుగ స్థలాలలో ఎంత విలువైన ఫలితాలిచ్చిందో చూచాము. విహారస్థలాలలో ఇకముందు జరిగే ప్రతి తవ్వకంలోను భోజనశాల, వంటశాల భాగాలనుండి మట్టి నమూనాలు క్రమపద్ధతిలో సేకరించాలి. కుండపెంకుల లోపలి జిడ్డు అవశేషాలను భద్రపరచాలి, కడిగివేయరాదు. పెసర గింజ ఒకటి, మినుము గింజ ఒకటి స్తరంతోసహా దొరికితే, సేఖియ నియమానికీ మన కొండలమీది విహారానికీ నడుమ ఇప్పుడు ఊహతో వేసుకుంటున్న వంతెన భౌతికసాక్ష్యం మీద నిలుస్తుంది.

మన భాష ప్రొటీనుకు మాంసకృత్తు అని పేరు పెట్టుకున్నది. దేహంలో మాంసాన్ని నిర్మించేదని దాని అర్థం, మాంసంనుండి వచ్చేదని కాదు. సంఘపు ఆహారచరిత్రను చదివేటప్పుడు ఈ భేదాన్ని దృష్టిలో ఉంచుకుంటే, మాంసం గురించిన వివాదం ఎంతకాలం సాగినను, దానికి ప్రక్కగా ప్రతి ఉదయం నిండిన పాత్రను చూడగలుగుతాము. ఆ పాత్రలో మూడువంతులకు పైగా అన్నం, దాని ప్రక్కన నాలుగవ భాగం పప్పు, ఎదుట వరుసలో ఇంకా నిలుచుని ఉన్న భిక్షువులు. కొలత వారందరి కోసం ఏర్పడింది.